మిషను చప్పుడుకి గేటు పాసు

ఫిబ్రవరి 4

ఒరేయ్ పొట్టీ,

ఆరడుగుల మనిషివయ్యాక కూడా ఆ పిలుపేంటని మొహం చిట్లించకు. నాకు నువ్వెప్పుడూ పొట్టివే. నక్షత్రాల చప్పుళ్లు వినే ఉద్యోగమని ఆ కొండెక్కినప్పట్నుంచీ నీ నుంచి కబురే లేదు. ఫోనుంటే కడుపారా తిట్టి ఉండేదాన్ని. ఫోను మోగితే ఆకాశం చప్పుళ్లు వినబడవని మీవాళ్లు గేటు దగ్గరే లాక్కుంటారాయె, అందుకని కాగితం మీద తిడుతున్నాను. తిట్లు అయిపోయాయి. ఇక పనిలోకి వస్తాను.

నీ మొదటి జీతంతో నాకు కొనిచ్చిన పాటల డబ్బీ గుర్తుందా, అగ్గిపెట్టెంత ఉంటుంది, జేబుకి తగిలించుకునే క్లిప్పుతో? అది బీరువాలో చీరల అడుగున దొరికింది. చార్జింగు పెడితే ఇంకా బతికే ఉంది. కంప్యూటరుకి తగిలించి అందులోకి ఒక ఫైలు ఎక్కిద్దామంటే మాత్రం ఎక్కట్లేదు. దానికి నువ్వు అప్పుడు వేసిచ్చిన ప్రోగ్రాం ఉందిగా, అది తెరిస్తే, ఎంత ఎక్కిందో చూపించే గీత సగం దాకా బాగానే నిండుతుంది. అప్పుడు తెర మూల నుంచి ఎర్ర డాలు బొమ్మొకటి లేచి, "మీరు సురక్షితంగా ఉన్నారు" అంటుంది. అంతే, డబ్బీ మాయం. నాకేదో ప్రమాదం ఉందని దానితో ఎవరన్నారురా?

నడకకి వెళ్లినప్పుడు పాటలు విందామని, అంతకన్నా ఏం లేదు. కానీ వచ్చే నెలాఖరులోపల కావాలి. ఎందుకని అడక్కు.

మీ బావ కులాసా. బస్సు డిపో గేటు దగ్గర డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి, నేను కుడుతుంటే మిషను పక్కన స్టూలేసుకుని కూర్చుంటారు. నాలుగు స్కూళ్ల యూనిఫారాలు ఒక్కసారే మీద పడ్డాయి, మిషను దిగడానికి తీరిక లేదు. తొందరగా జవాబు రాయి.

నీ అక్క

ఫిబ్రవరి 11

అక్కా,

నువ్వు నడకకా! వీధి చివర దారపుండల కొట్టుకి వెళ్లాలన్నా ఎవరి స్కూటరు ఖాళీగా ఉందా అని చూసే మనిషివి. సరే, మంచి బుద్ధి పుట్టినప్పుడు ఎందుకని అడక్కూడదు.

ముందు ఈ మూడూ చూడు. డబ్బీ వైరు కంప్యూటరుకి ముందు పెట్టుంటే తీసి వెనకవైపు పెట్టు, అక్కడ కరెంటు నిలకడగా ఉంటుంది. రెండోది, డబ్బీని పూర్తిగా చార్జి చేశాకే తగిలించు. మూడోదే అసలైంది. ఆ ఎర్ర డాలు కంప్యూటరుకి కాపలా ప్రోగ్రాం. బయటి నుంచి ఏ వస్తువు తగిలించినా ఆపి సోదా చేస్తుంది. నీ డబ్బీ పాతకాలపుది, దాని పద్ధతి ఈ కొత్త కాపలాకి తెలీదు. డాలు మీద మౌసు కుడి బొత్తాం నొక్కితే "కాసేపు ఆపు" అని వస్తుంది. పది నిమిషాలు ఆపి, పాటలు ఎక్కించి, మళ్లీ వెయ్యి. అయిపోయె.

ఇక్కడి విశేషం ఒకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. మొన్న మా పెద్ద గిన్నెకి, అదే ఆకాశం చప్పుళ్లు పట్టే యాంటెన్నా అని చెప్పానే, దానికి ఎన్నడూ వినని చప్పుడొకటి తగిలింది. చిట్ చిట్ మని. కొత్త నక్షత్రం దొరికిందని మా ఆఫీసు పెద్దాయన ఎగిరి గంతేశారు. ఆయన వయసుకి అది చిన్న గంతు కాదు. భోజనాల వేళకి తేలిందేంటంటే, వంటాయన కొత్త లైటరు కొనుక్కొచ్చి స్టవ్వు వెలిగిస్తున్నాడు. ఇప్పుడు ఆ లైటరు ఆఫీసు బీరువాలో ఉంది, మేం అగ్గిపుల్లల మీద బతుకుతున్నాం.

బావకి నమస్కారాలు. తల ఊపి ఊరుకుంటారని తెలుసు, అయినా చెప్పు.

పొట్టి

ఫిబ్రవరి 17

ఒరేయ్,

వైరు వెనక పెట్టాను, ఫుల్లుగా చార్జి చేశాను. మూడోదాని దగ్గర బండి ఆగింది. ఆపింది కంప్యూటరు కాదు, మీ బావ.

ఆయన సంగతి నీకు తెలిసిందే, మొదటి అక్షరం దగ్గరే మాట చిక్కుకుపోతుంది. నేను డాలు మీద చెయ్యి పెట్టానో లేదో, "వ... వ... వద్దు" అంటూ అడ్డం వచ్చేశారు. ఆ తర్వాత నేను మిషను ఎక్కాక తీరిగ్గా నాకు క్లాసు పీకారు. ఇన్నేళ్ల నౌకరీలో ఆయన గేటు వదిలి పక్కకి పోలేదట. "పది నిమిషాలు టీ తాగి రా" అని ఎవరైనా ముద్దుగా అంటే, ఆ మనిషినే ముందు అనుమానించాలట. తనకి ఎవరు చెప్పినా వినని మాట, పాపం నోరులేని ఇంకో కాపలావాడికి తనెలా చెబుతానన్నారు. నేను నవ్వాపుకోలేక లోపలికెళ్లిపోయాను. బయటికొచ్చేసరికి ఆయన ఆ ఎర్ర డాలు వంక ఎంత గౌరవంగా చూస్తున్నారో!

ఇంకోటి ఇప్పుడే బయటపడింది. ఇంత విలువైన కంప్యూటరుకి ఒక్కడేం సరిపోతాడని, కిందటేడే షాపతని చేత రెండో కాపలా ప్రోగ్రాం కూడా వేయించారట. దాని డాలు నీలం రంగు. డ్యూటీ మారేటప్పుడు గేటు ఖాళీగా ఉండకూడదు కదా, అన్నారు.

తమ్ముడూ, నవ్వుతూ రాస్తున్నానని తేలిగ్గా తీసుకోకు. ఆ డబ్బీ నాకు నిజంగా కావాలి.

నీ అక్క

ఫిబ్రవరి 24

అక్కా,

దొంగ దొరికాడు! దొంగ కాదులే, పోలీసులే. ఒక కంప్యూటరుకి రెండు కాపలా ప్రోగ్రాములు ఉండకూడదే తల్లీ. డబ్బీలోకి ఒక ఫైలు బయల్దేరగానే ఎర్రది దాన్ని పట్టుకుని సోదా మొదలెడుతుంది. నీలంది వచ్చి, నువ్వెవరు, ముందు నేను చూడాలి అంటుంది. అవి రెండూ ఒకదాని చొక్కా ఒకటి పట్టుకుంటే మధ్యలో నీ ముసలి డబ్బీ ఎంతసేపని చూస్తుంది? విసుగొచ్చి దుకాణం కట్టేస్తుంది. సగంలో మాయమయ్యేది అందుకే.

నీలం దాన్ని తీసేయండి. ప్రోగ్రాముల వరసలో దాని పేరు మీద నొక్కితే "తొలగించు" అని ఉంటుంది. తీసేశాక కంప్యూటరు ఒకసారి ఆపి మళ్లీ వెయ్యాలి. అప్పటికీ ఎక్కకపోతే తప్పు నువ్వు ఎక్కించే ఫైలులోనే ఉండొచ్చు. దాన్ని పెన్ డ్రైవులో వేసి నాకు పంపు. ఇంతకీ ఏ పాటలే అవి? అడగొద్దన్నావు కాబట్టి అడగట్లేదు, ఊరికే తెలుసుకుందామని.

పొట్టి

మార్చి 2

ఒరేయ్ పొట్టీ,

తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వు రాసింది మీ బావకి చదివి వినిపించి, నేను ఒక పెద్ద ఆర్డరు మీద కూర్చున్నాను. ఆయనే చేస్తానన్నారు. చేశారు కూడా. కానీ తప్పు చెయ్యని మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యడానికి మనసొప్పలేదట. నీలం డాలు రోజంతా ఏదో ఒక పని చేస్తూ కనబడింది. పక్కనే ఇంకొకటి నెలల తరబడి ఖాళీగా కూర్చుని ఉంది. దాన్ని తీసేశారు. అది డబ్బీలోకి పాటలెక్కించే ప్రోగ్రామురా! కాపలావాళ్లిద్దరినీ గేటు దగ్గర కూర్చోబెట్టి, సరుకు మోసేవాణ్ణి ఇంటికి పంపించేశారు.

షాపతను వచ్చి మళ్లీ దాన్ని వేసిపెట్టాడు. వేసీ వెయ్యగానే ఎర్ర డాలుకి కోపమొచ్చింది. ఇన్నాళ్లూ ఊరుకున్నది కాస్తా ఈసారి నా ఫైలునే పట్టుకుని "అనుమానాస్పదం, నిర్బంధించాం" అని ప్రకటించింది. ఏం పాపం చేసిందిరా అది? ఇంకో కాపీ ఉంది కాబట్టి బతికిపోయాను.

ఆ కాపీని పెన్ డ్రైవులో పంపిస్తున్నాను. బాగుందో లేదో చూడు చాలు, వినకు.

నీ అక్క

మార్చి 9

గౌరవనీయులైన అక్కగారికి,

పెన్ డ్రైవు అందింది. వినకుండా చూడమన్నారు. చప్పుడు ఉన్న ఫైలుని చూడ్డమెలాగో నాకు తెలీదు కాబట్టి విన్నాను.

పాట లేదు. పొడుగూతా టకటకటక అని ఒకటే చప్పుడు. ఫైలు పాడైందనుకున్నాను. కానీ ఆ టకటక అడుగున ఇంకేదో ఉన్నట్టనిపించింది. పైనున్న గోల తీసేసి అడుగున ఏముందో వినడమే ఇక్కడ మా ఉద్యోగం. ఆకాశం మీద వాడే పనిముట్లే దీనిమీదా వాడాను.

అడుగున ఒక మగమనిషి గొంతు ఉంది.

ఎవరో డ్రైవరు కథ చెబుతున్నాడు. టీ కోసం ఆపినచోట జనమంతా దిగి ఉండగా, ఆ డ్రైవరు చూసుకోకుండా ఖాళీ బస్సు తోలుకుపోయాడట. తర్వాతి ఊళ్లో టిక్కెట్టు అడగడానికి కండక్టరు కూడా లేడని తెలిసిందట. ఎక్కడా తడుముకోకుండా, గుక్క తిప్పుకోకుండా, మధ్యలో ఆ డ్రైవరులా గొంతు మార్చి మరీ చెబుతున్నాడు. పెద్దాయన నా వెనకే నిలబడి విని, "ఎంత చక్కటి గొంతోయ్" అన్నారు. మధ్యలో మీరు నవ్వుతున్నారు. మీరు అలా నవ్వగా విని నాకు చాలా ఏళ్లయింది.

బావ కాదని నాకు తెలుసు. పెళ్లినాటి నుంచి నేటి వరకు ఆయన నోట నేను పూర్తి వాక్యం వినలేదు. ఆయన డ్యూటీలో ఉండగా మన ఇంట్లో మిషను పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది ఎవరు? నడక, పాటలు, ఎందుకని అడక్కు, వినకు... ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటుంటే నాకు అన్నం సయించట్లేదు. పెద్దదానివి, నీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ బావ చాలా మంచివాడు అక్కా.

నీ తమ్ముడు

మార్చి 13

ఒరేయ్ బండ వెధవా,

నీ ఉత్తరం చదివి నేను ఎంత నవ్వానంటే, మీ బావ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చారు. ఆయనకి చదివి వినిపించాను. కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ చివరి వాక్యం రెండోసారి చదవమన్నారు.

అది మీ బావేరా!

దాచమన్నారు కాబట్టి దాచాను. కానీ నువ్వు నాకు ఏకంగా ప్రియుణ్ణే అంటగట్టాక దాచి లాభం లేదు. పెళ్లైన కొత్తలోనే తెలిసింది మా ఇద్దరికీ. నేను మిషను తొక్కుతూ ఉంటే, ఆ టకటక చప్పుడులో, ఆయన మాట ఎక్కడా ఆగదు. తాళం మీద అడుగేసినట్టు మాట వెనక మాట వచ్చేస్తుంది. నేను మిషను ఆపితే ఆయనా ఆగిపోతారు. అందుకే ఇంత రాత్రిదాకా కుడతావేంటని పక్కింటావిడ అడిగితే, ఆర్డర్లున్నాయని చెబుతాను. అన్నిసార్లూ ఆర్డర్లుండవు. ఒట్టి గుడ్డ మీద కుట్టు వేస్తూ కూర్చున్న సాయంత్రాలు ఎన్నో! ఆయన చెప్పే కబుర్లు నాకు కావాలి, అంతే.

ఇప్పుడు సంగతి విను. బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం ఖాళీ అయింది. మీ బావకి కుర్రతనం నుంచీ ఒక్కటే కోరిక, ఆ మైకు ముందు కూర్చోవాలని. ఏ బస్సు ఎన్నింటికో, ఏ ప్లాట్‌ఫారమో ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి పరీక్షకి వెళ్లారు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయారు. ఎవరో నవ్వారు. మర్నాడే వెళ్లి, మాట్లాడక్కర్లేని పని ఇమ్మని గేటు డ్యూటీ అడిగి వేయించుకున్నారు. ఇప్పుడు నేను బతిమాలి, పోట్లాడి, మళ్లీ దరఖాస్తు పెట్టించాను. మిషనుని బస్టాండుకి మోసుకెళ్లలేం కదా. దాని చప్పుడు ఒక చెవిలో వినబడుతూ ఉంటే చాలు. ఆ గదిలోకి ఫోను తేనివ్వరు, మైకులో గుర్రుమంటుందని. అందుకే డబ్బీ. ఆ చప్పుడు పట్టడానికి ఫోను మిషను మీదే పెట్టాను, ఆయన గొంతు కూడా అందులో పడిందని మాత్రం నాకు నిజంగా తెలీదు.

పరీక్ష ఈ నెల 28న. ఈసారీ ఆగిపోతే ఆయన మళ్లీ ఆ మెట్లెక్కరు. నాకు భయంగా ఉంది. ఏదైనా చెయ్యరా.

నీ అక్క

మార్చి 18

అక్కా, బావా,

ముందుగా గుంజీలు. నిజంగానే తీశాను, పెద్దాయన సాక్షి. ఎందుకని అడిగారు, చెప్పాను. ఆయన మళ్లీ ఆ కథ పెట్టమన్నారు. ఈసారి వంటాయన, జీపు డ్రైవరు, అందరం చుట్టూ కూర్చుని విన్నాం. కండక్టరు లేడని తెలిసే చోట అందరూ విరగబడి నవ్వారు. నేను మాత్రం ఏడ్చాను. ఇన్నేళ్లుగా మా బావ ఇంత చక్కగా మాట్లాడతారని నాకు తెలీకపోయిందే అని. అక్కా, ఇన్ని కబుర్లు నువ్వొక్కదానివే దాచుకున్నావు కదే!

ఇక పని. పెన్ డ్రైవు జీపు డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను, పోస్టుని నమ్మను. అందులో గొంతు తీసేసి మిషను చప్పుడు ఒక్కటే శుభ్రంగా ఉంచాను. దారం తెగినచోట్ల ఆగింది, అక్కడ అతికించాను. నీ నవ్వు ఒక్కటి తియ్యలేదు. అది తియ్యడానికి చెయ్యి రాలేదు.

బావా, ఇది మీకు. గేటు దగ్గర మిమ్మల్ని పక్కకి పొమ్మనడం తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ రోజూ లోపలికి వచ్చే మెకానిక్కుని మీరు ప్రతి పూటా జేబులు తడిమి చూడరు కదా? ఒకసారి పరిచయం చేసుకుని పాసు ఇస్తారు. ఎర్ర డాలు చేతా అదే చేయించాలి. దాన్ని తెరిస్తే "సెట్టింగులు" అని ఉంటుంది, అందులో "మినహాయింపులు". అక్కడ పాటలెక్కించే ప్రోగ్రాముకి ఒక పాసు, చప్పుడు దాచిన ఫోల్డరుకి ఒకటి, డబ్బీని తగిలించి ఉంచి దానికీ ఒకటి ఇప్పించండి. కాపలా ఆగదు, గేటు ఖాళీ కాదు. నీలం డాలు మాత్రం వెళ్లాల్సిందే. తీసేశామనుకోకండి, రిటైర్మెంటు ఇచ్చామనుకోండి. కావాలంటే ఒక దండ వెయ్యండి.

మీరు గెలుస్తారు బావా. ఒకవేళ ఆగినా ఆగండి, ఆగినచోటి నుంచే మళ్లీ మొదలెట్టండి. బస్సులు ఎటూ ఆలస్యంగానే వస్తాయి.

మీ పొట్టి

మార్చి 29

ఒరేయ్ తమ్ముడూ,

వచ్చిందిరా! ఉద్యోగం వచ్చింది! ఈ ముక్క ముందు రాసేస్తున్నాను, మిగతాది తర్వాత.

నీలం డాలుకి మీ బావ నిజంగానే నమస్కారం పెట్టి మరీ పంపించారు. మూడు పాసులూ ఆయనే స్వయంగా ఇచ్చారు, గేటు దగ్గర ఇచ్చినంత శ్రద్ధగా. గీత సగం దాటింది. నేను కళ్లు మూసుకున్నాను. "అయి... అయిపోయింది" అన్నారు. కళ్లు తెరిచేసరికి డబ్బీ ఇయర్‌ఫోను ఒక చెవిలో పెట్టుకుని, "ఇదిగో, నువ్వు కుడుతున్నట్టే ఉంది" అన్నారు. మిషను గదిలో మిషను ఆగే ఉందిరా. ఆయన మాట ఆగలేదు.

నిన్న ఆయన లోపలికెళ్తే నేను బస్టాండు హాల్లో బెంచీ మీద కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక గుండీలు కుట్టే పని తెచ్చుకున్నాను. ఒక్క గుండీ కూడా తిన్నగా కుట్టలేదులే. ఒకరి తర్వాత ఒకరు మైకులో బస్సుల వరస చదివారు. ఒకడు చదువుతుంటే ఎదురు బెంచీ మీద మనిషి ఆవలించాడు. తర్వాత మీ బావ గొంతు వచ్చింది. నాకు వెంటనే తెలియలేదు సుమా, ఆయన గొంతు గోడల్లోంచి రాగా నేనెప్పుడు విన్నాను గనక! ఏ బస్సు, ఏ ప్లాట్‌ఫారం, ఎన్నింటికి, ఎవరెవరు ఎక్కడ నిలబడాలి, చేతి సంచులు జాగ్రత్త, అన్నీ నీళ్లు పారినట్టు చెప్పుకుపోయారు. ఆవలించిన మనిషి టిక్కెట్టు తీసి చూసుకుని, గబగబా లేచి తన ప్లాట్‌ఫారానికి పరిగెత్తాడు. నేను మాత్రం గుండీలన్నీ ఒళ్లోనే వదిలేసి రెండు చేతులూ బిగపట్టుకుని కూర్చున్నాను.

వరస అయిపోయాక మేనేజరు గారు ఇంకొక్కటి అడిగారట. కాగితం చూడకుండా, జనంలో తప్పిపోయిన మనిషిని పిలిచే ప్రకటన ఒకటి సొంతంగా చెయ్యమని.

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. మీ బావ నన్ను పేరు పెట్టి పిలవలేదు, ఒక్కసారి కూడా. "ఇదిగో", "ఏమోయ్", అంతే. పాతకాలపు మనిషి, సిగ్గు అనుకున్నారంతా, నేనూ అందరికీ అదే చెప్పుకున్నాను. అది సిగ్గు కాదు. నా పేరు మొదటి అక్షరమే ఆయన మాటకి అన్నిటికన్నా పెద్ద అడ్డం. మిషను ఎంత వేగంగా తొక్కినా అది దాటలేకపోయారు. ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, కళ్లల్లో నీళ్లు తిరిగితే, వద్దులెండి అని నేనే ఆపేశాను.

మైకులో గరగరమని చప్పుడు వచ్చింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నారు. "బట్టలు కుట్టే" అన్నారు. ఆగారు. హాలంతా ఆగిపోయింది, అందరూ తలెత్తి గోడమీది స్పీకరు వంక చూశారు. ఒక్కరూ నవ్వలేదు. ఆ మొదటి అక్షరం ఒకసారి వచ్చింది. మళ్లీ వచ్చింది. మూడోసారి రాగానే, దాని వెనకే నా పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, బస్టాండంతా మారుమోగేట్టు వచ్చేసింది. "గారు ఎక్కడున్నా వెంటనే అనౌన్స్‌మెంటు గదికి రావలసిందిగా కోరుతున్నాం" అన్నారు.

ఒళ్లోని గుండీలన్నీ నేల మీద పడి దొర్లిపోయాయి. ఎవరెవరో ఏరి ఇస్తున్నారు, మీరేనా, మిమ్మల్నేనా అని అడుగుతున్నారు. నన్నేనండీ, ఆ పేరు నాదేనండీ అని అందరికీ చెప్పుకుంటూ నడిచాను.

ఒరేయ్, నా పేరు అంత బావుంటుందని నాకు ఇన్నాళ్లూ తెలీదురా.

నీ అక్క